గంటకు పేనిన తాడు

నిజాం రాజ్యం పోయి ఏడాది దాటింది కాబట్టి, మా గుడిలో కూడా సమానత్వం ప్రవేశపెట్టడమైనదని మా చర్చి విచారణ కిందికి వచ్చే ఊళ్ల ప్రజలందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాం. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ క్రైస్తవులు వచ్చి చూసి నేర్చుకోవచ్చు.

మా గుడి మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక జనపతాడు ఉండేది. ముందు పటేళ్ల కుటుంబాలు, వెనక ఊరి చివరి వాడవాళ్లు. దేవుడి ముందు అందరూ ఒకటే కదా, ఎవరు ఎవరో ఆయన తికమకపడకుండా ఈ ఏర్పాటు.

ఆ తాడు పేనింది వాడలోని ఎస్తేరవ్వ. గుడికి తాడు కావాలని కబురొస్తే గంటకేమో అనుకుని, అరచేతులు బొబ్బలెక్కేలా పేని, కూలి కూడా వద్దంది. గంటను మాత్రం నేటికీ రాయితోనే కొడుతున్నాం.

ఇప్పుడు అవ్వకు చూపు మందగించింది. కండ్లు పూర్తిగా పోకముందే, బలిపీఠం దగ్గర వేసే క్రిస్మస్ పాకలో బాలయేసు బొమ్మను దగ్గరగా చూడాలని ఆశ. కొడుకు యేసయ్య సంఘం పెద్ద ఇన్నారెడ్డి పటేలు దగ్గరికి పోయాడు.

"పటేలా, మా అవ్వకు కండ్లు మసకలైనయి. గీ ఒక్క పండుగకు ముందటికి రానియ్యుండ్రి."

"ఒక్క పండుగకేందిరా? తాడే తీసేద్దాం! నిజామే పోయిండు, తాడెంత!"

పటేలు మంచితనానికి ఊరు మురిసిపోయింది. ఆదివారం పూజ కాగానే ఆయన కొడవలి పట్టుకుని ఉపన్యసించారు. "సోదరులారా! నేటితో హెచ్చుతగ్గులు ఖతం!" తాడు తెగింది. వెనకవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందువాళ్లు కూర్చునే కొట్టారు.

అయితే అంతటి చారిత్రక తాడును పారేయడం ఎలా? సంఘం కూర్చుని ఆలోచించింది. తెగిన చోట ముడివేసి, బంతిపూలు చుట్టి, సమానత్వానికి గుర్తుగా పాత చోటనే కట్టించింది. దాన్ని దాటితే ఆ మహా సంస్కరణను అవమానించినట్టేనని తీర్మానించింది.

క్రిస్మస్ నాడు అవ్వ కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. తాడు తగిలింది. తడిమింది.

"ఏందిరా ఇది? కోసిండ్రంటివి?"

"కోసిండ్రవ్వా. కోసిన గుర్తుకు మళ్ల కట్టిండ్రు."

"గంటకిచ్చిన తాడు గీడేం జేస్తున్నదిరా?"

అవ్వ ముడి విప్పింది. గోడల దగ్గరి కొసలు కూడా ఊడదీసి, తాడును చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని, నేరుగా పాక ముందుకు పోయి కూర్చుంది.

"ఏయ్ ఎస్తేరూ, ఎనక్కి జరుగు!" అన్నారు పటేలు.

"ఎనక ఏడున్నది పటేలా? తాడు నా సంకల ఉన్నది."

ముందు కుటుంబాలకు హఠాత్తుగా ఉక్కపోసింది. డిసెంబరు చలిలో గాలి కోసం అందరూ బయటికి వెళ్లిపోయారు. బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో పూజ చేస్తున్న ఫాదరు దీవించడానికి జనం వైపు తిరిగేసరికి ముందు వరసలో ఒక్క ఎస్తేరవ్వే ఉంది. ఆమె పాక మీదికి వంగి కండ్లు చికిలించి చూస్తోంది.

"గడ్డి మీద పండవెట్టిండ్రా పిల్లగాన్ని? అయితే మనోడేరా, యేసయ్యా!"

మరుసటి వారం సంఘం మళ్లీ కూర్చుంది. కొత్త తాడు పేనమని ఎస్తేరవ్వకే కబురు పంపింది. ఈసారి నిజంగా గంటకేనట.

మీ గుడిలో తాడే లేదని నవ్వుకుంటున్నారు కదా. చాలా సంతోషం. తాడు లేకుండానే ఎవరి చోట వాళ్లు కూర్చోవడం ఎలాగో మేమే మీ దగ్గరికి వచ్చి నేర్చుకుంటాం.