డాక్టరమ్మంత బరువు

“విరిగిన ఎముకలవాళ్ళు కూర్చునే కుర్చీ. అదే విరిగితే?”

పైకే అనేశాను. కుర్చీ చేతికి వార్నిష్ పూస్తున్న మా అమ్మాయి కుంచె గాల్లోనే ఆగింది. నా వంక ఓసారి చూసి, మళ్ళీ పూయసాగింది. అంతే, అప్పట్నుంచి నాతో మాట బంద్.

నేనేం తప్పన్నాను, మీరే చెప్పండి. వీధి చివరి ఎముకల డాక్టరమ్మ తన ఆసుపత్రికి పన్నెండు కుర్చీలు కావాలంది. ముందు ఒకటి చేసి చూపించమంది. నచ్చితే పన్నెండూ మా పిల్లకే. నచ్చకపోతే ఇంటి వెనక షెడ్డులోని రంపాలూ ఉలులూ అటకెక్కుతాయి. అది వదిలేసొచ్చిన ఆఫీసుకే మళ్ళీ వెళ్ళి, ఆ మేనేజరు ముందు తలొంచుకు నిలబడాలి. తల్లికి భయం ఉండదూ?

“కాలికి కట్టు కట్టించుకోడానికి వచ్చినవాడు కుర్చీ విరిగి పడితే? రెండో కాలూ పోతే?” అన్నాను మా ఆయనతో.

“డాక్టరమ్మకి పని పెరుగుతుంది,” అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా.

నాలుగో రోజు సాయంత్రం డాక్టరమ్మ చూడ్డానికి వస్తానంది. మధ్యాహ్నం అమ్మాయి చెక్క రుద్దే ఉప్పుకాగితం కొనడానికి బజారుకెళ్తూ, “నాన్నా, షెడ్డులోకి ఎవర్నీ వెళ్ళనివ్వకు,” అని చెప్పింది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. అందులో కాపలా ఆయన. ఇక ‘ఎవర్నీ’ అంటే ఎవర్నో మీకే అర్థమైందిగా!

కాపలావారు ఐదు నిమిషాల్లో గుర్రు పెట్టారు. నేను షెడ్డులోకి నడిచాను.

డాక్టరమ్మ కూర్చునేలోపు ఒకసారి నేను కూర్చుని చూస్తే పోలా? విరిగితే ఇంటి మనిషి నడుమే విరుగుతుంది, గుట్టుగా ఉంటుంది. కానీ డాక్టరమ్మ నాకంటే భారీ మనిషి. ఆ తేడాకి సరిపోయే బరువేదా అని ఇల్లంతా కలయజూసి, కుట్టుమిషన్ తల ఊడదీసి తెచ్చుకున్నాను.

కుర్చీ చేతుల్ని వేలితో తడిమాను. చక్కగా ఆరిపోయాయి. కూర్చున్నాను. మిషన్ ఒళ్ళో పెట్టుకున్నాను. కిర్రుమనలేదు. ఆసుపత్రిలో ఎవరు మాత్రం ఐదు నిమిషాల్లో లేస్తారని ముప్పావుగంట అలాగే కూర్చున్నాను.

చేతులకి ఆఖరి పూత మొన్ననే వేసిందనీ, కూర్చునే పలకకి మాత్రం ఆ రోజే వేసిందనీ నాకెలా తెలుస్తుంది? నాతో మాట్లాడితేగా!

లేవబోయాను. లేవలేదు. మళ్ళీ లేవబోయాను. ఊహూఁ. మా పెద్దమ్మ కూడా ఇలాగే కూర్చున్నది కూర్చున్నట్టే...

“ఏమండోయ్! నా కాళ్ళు పడిపోయాయండోయ్!”

ఆయన లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు. “ఎక్కడే?” అంటూ నేలంతా వెతికారు. తర్వాత నన్ను చూశారు. “ఒళ్ళో ఆ మిషనేంటే?”

“డాక్టరమ్మ.”

“ఓరి దేవుడా, తలక్కూడా ఎక్కేసింది!”

నా చేతులు పట్టుకుని లాగారు. నేనూ కుర్చీ కలిసి ఒక అడుగు ముందుకొచ్చాం.

“చూశారా! చెక్కకుర్చీ అయినా కదులుతోంది, నేనే కదల్లేకపోతున్నాను!” అని బావురుమన్నాను.

ఆయన ఎముకల డాక్టరమ్మకే ఫోన్ చేశారు. ఆవిడ సంచీతో ఆయాసపడుతూ వచ్చి, చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టింది. కాలు ఎగిరి మా ఆయన ముంగాలికి తగిలింది.

“అమ్మో!” అన్నారాయన.

“కాళ్ళు బ్రహ్మాండం,” అంది డాక్టరమ్మ. “మరి ఒళ్ళో ఈ మిషను దేనికమ్మా?”

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, “అది మీరేనటండీ,” అన్నారు.

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. నాకు నిజంగానే కాళ్ళు చల్లబడ్డాయి. సర్దుదామని, “మొత్తం మీరే కాదండీ, నాకంటే ఎక్కువున్నంత మట్టుకే,” అన్నాను.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో అమ్మాయి! చేతిలో ఉప్పుకాగితాల చుట్ట. కుర్చీని చూసింది, నన్ను చూసింది, డాక్టరమ్మ మొహం చూసింది. పన్నెండు కుర్చీలూ కట్టకట్టుకుని వీధి దాటిపోతున్నట్టు కనిపించింది నాకు.

డాక్టరమ్మ వంగి, వాసన చూసి, నా చీర అంచు పట్టి లాగింది. చర్రుమంది.

“పక్షవాతం కాదు, వార్నిష్,” అంది. ఆ పైన కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని, నన్నూ మిషన్నీ కలిపి ముందుకూ వెనక్కీ ఊపింది. నేను కెవ్వుమన్నాను గానీ కుర్చీ కిక్కురుమనలేదు.

“ఎంతసేపట్నుంచి కూర్చున్నారు?”

“గంట దాటిందండీ.”

ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. “పన్నెండూ నువ్వే చెయ్యమ్మా. ఆ మిషన్ కథ మాత్రం వీధిలో ఎవరికీ చెప్పకండి.” చెప్పి వెళ్ళిపోయింది.

అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, టర్పెంటైన్ గుడ్డతో నా చీరని పలక నుంచి పోగు పోగూ విడదీయసాగింది. ఊడినచోటల్లా చెక్క మీద నా చీర పూలు అచ్చుపడి ఉన్నాయి. అదంతా మళ్ళీ గీకాలి, మళ్ళీ పూయాలి. దాని మొహంలోకి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. అయినా నోరు ఊరుకోదు కదా.

“ఏమే, మరి పన్నెండూ ఒకేసారి విరిగితే?”

గుడ్డ చప్పుడొక్కటే. ఒక పువ్వు ఊడింది. ఇంకో పువ్వు ఊడింది. మా ఆయన కాలు రుద్దుకుంటూ గోడ వైపు చూస్తున్నారు. చీర సగం దాకా ఊడింది.

అప్పుడు, నాలుగు రోజుల తర్వాత, నా కూతురు నోరు విప్పింది.

“విరగవమ్మా. పన్నెండింటి మీదా నిన్నే కూర్చోబెట్టి చూశాకే పంపిస్తాను. మిషన్ కూడా నువ్వే మోసుకురావాలి. కాకపోతే, ఆరాక.”