చివరి పేజీ చిరిగిన భాగ్యం

మా ఇంట్లో ఏదో చచ్చిందని పక్కింటి పిన్నిగారు ఇస్త్రీ అతనితో అన్నారట. అతను చొక్కాలిస్తూ ఆ మాట నా చెవిన వేశాడు. "వాసనకి కిటికీ తియ్యలేకపోతున్నారంటండీ. పైగా మీ ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు విని చాన్నాళ్లయిందట. మీ ఆవిడకేమైనా అయిందేమోనని ఆవిడ బెంగ" అన్నాడు, నా వంక అదోలా చూస్తూ.

అయ్యా, చచ్చిందేమీ లేదు. ఆ వాసన నా లైబ్రరీది. ఎప్పుడో యాభై ఏళ్ల కిందట అచ్చయిన డిటెక్టివ్ నవలలు పదకొండు వందల పైచిలుకు మా మధ్య గదిలో కొలువై ఉన్నాయి. అట్టలూడినవి, చెదలు రుచి చూసినవి, వానకు తడిసి ఉబ్బినవి. పాత కాగితాల కొట్టాయన నన్ను చూస్తే లేచి నిలబడతాడు. చెత్తలోకి పోవాల్సిన సరుకును బతిమాలి మోసుకెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

ఈ పాత పుస్తకాలకు చివరి పేజీలుండవని కొందరి ఫిర్యాదు. వాటి గొప్పంతా అదే కదా! కొత్త పుస్తకం కొన్నారనుకోండి, రెండు గంటల్లో హంతకుడు దొరికిపోతాడు. తర్వాత ఏం చేస్తారు? గోళ్లు గిల్లుకుంటారు. అదే చివరి పేజీ లేకపోతే వంటమనిషి మీద అనుమానం, లాయరు మీద అనుమానం, ఆఖరికి చచ్చినవాడి మీద కూడా అనుమానం. ఒక్క పుస్తకం ఆరు నెలలొస్తుంది. ఇంతకన్నా పొదుపుందా?

అద్దె పుస్తకాల షాపుల్లో నలిగిన ప్రతుల వైభవం వేరు. పన్నెండో పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో బాణం గీసి 'వీడే చంపింది' అని రాసిపెడతాడు. ఇంకొకడు దాన్ని కొట్టేసి 'కాదు, మరిది' అంటాడు. మూడోవాడు 'మీ ఇద్దరికీ బుద్ధి లేదు' అని సంతకం కూడా పెడతాడు. కొత్త పుస్తకంలో ఇంత మంచి సావాసం ఎక్కడ దొరుకుతుంది?

ఒక షాపు బైండరు తొందరలో ఒక నవల మొదటి సగానికి వేరే నవల రెండో సగం కలిపి కుట్టేశాడు. విషం తాగి పోయిన ముసలాయన కేసు బ్యాంకు లాకరు దొంగ దొరకడంతో ముగిసింది. మూడుసార్లు చదివి, రచయిత లోతుకు దణ్ణం పెట్టుకున్నాను. మా బావమరిది పేజీల నంబర్లు చూపించి పడీపడీ నవ్వాడు. వాడికి సాహిత్యం తెలీదు.

అన్నిటికీ మించిన లాభం ఇంకోటుంది. చూపు పదునెక్కుతుంది. చెప్పుల బురద చూసి మనిషి ఏ వీధిలోంచి వచ్చాడో చెప్పగలను.

ఆ మధ్య గది ఒకప్పుడు మా ఆవిడ కుట్టుపని గది. దాచను. పన్నెండేళ్లు వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది అక్కడే. పుస్తకాలు ముందు కిటికీ గూట్లో చేరాయి, తర్వాత గుడ్డలు కత్తిరించే బల్ల మీద, తర్వాత ఆమె కుర్చీలో. "మీ శవాల మధ్య నా కత్తెర వెతుక్కోలేక చస్తున్నాను" అని కొన్నాళ్లు సణిగింది. ఈమధ్య ఆ సణుగుడూ లేదు. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వాళ్ల చెల్లెలింటికి వెళ్తుంది, దీపాలవేళకు వస్తుంది. నడక ఒంటికి మంచిది. ఇల్లు ప్రశాంతం. ఇదంతా దేని చలవ?

ఇవాళ సాయంత్రం ఇంకో బస్తా తెచ్చాను. ఎక్కడ పెట్టాలా అని చూద్దును కదా, గది మూల, కిటికీ పక్కన, కావలసినంత ఖాళీ! గచ్చు మీద నాలుగు ఇనుప కాళ్ల గుర్తులు, చుట్టూ దారప్పోగులు, ఒక విరిగిన సూది. భూతద్దం తెచ్చి పరీక్షించాను. ఏదో బరువైన వస్తువు ఏళ్ల తరబడి అక్కడుందనీ, దాన్నెవరో తరలించారనీ తేల్చాను. అదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

గడప దగ్గర చెప్పులు విప్పుతున్న మా ఆవిడను కేకేశాను. "ఇదిగో, ఇక్కడ బోలెడు చోటు దొరికింది. ఇంతకు ముందు ఇక్కడ ఏముండేది?"

ఆమె భుజాన సంచి దించలేదు.

"నా మిషన్. మా చెల్లెలింటికి పట్టుకెళ్లి నెలన్నరైంది. రేపు నేనూ పోతున్నాను. ఇంట్లో లేనని ఎప్పటికైనా అనుమానమొస్తే పక్కింటి పిన్నిగారిని అడగండి."