లెఫ్ట్ బ్యాక్ వైకుంఠం వయసు

ముసలితనం అనేది గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు అని శాసనసభ్యులు, పాతబస్తీ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షులు బాబురావు గారు యాకుత్‌పురా స్టేషన్ ముందర జరిగిన బహిరంగ సభలో ప్రకటించారు. ఆయనకు అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. మాట పూర్తి కాగానే దగ్గు వచ్చింది. కార్యకర్తలు దగ్గుకు కూడా చప్పట్లు కొట్టారు.

వేదిక మీద ఆయన పక్క కుర్చీలో, మెడలో మూడు బంతిపూల దండలతో, మోకాలికి కట్టుతో కూర్చున్న మనిషి వైకుంఠం. నీటి మీటర్ల తనిఖీ శాఖలో మీటర్లు చదివే ఉద్యోగి. ఆ శాఖ ఫుట్‌బాల్ జట్టులో ఇరవై రెండేళ్లుగా ఎడమ పక్కన కాపు కాసే లెఫ్ట్ బ్యాక్. ఆయన చేసిన నేరమల్లా పది రోజుల కింద ఒక ఉత్తరం రాయడం.

ఉత్తరానికి కారణం వీధి దీపాల శాఖతో ఆడిన మ్యాచ్. ఆ జట్టు వింగర్, మీసాలు సరిగా రాని కుర్రవాడు, వైకుంఠాన్ని ఒకే మ్యాచ్‌లో నాలుగుసార్లు దాటిపోయాడు. నాలుగోసారి గోల్ కొట్టి తిరిగి వస్తూ, గడ్డి మీద కూలబడిన వైకుంఠం దగ్గర ఆగి, "చాచా, లగీ క్యా?" అని మర్యాదగా అడిగాడు. దెబ్బ ఏమీ తగల్లేదు. కానీ ఆ మర్యాద తగిలింది.

అంతకంటే ఎక్కువ తగిలింది బెంచీ మీద కూర్చున్న శివయ్య చూపు. శివయ్యకు ఇరవై ఐదేళ్లు. ఐదేళ్ల కింద చాంద్రాయణగుట్ట దగ్గర ఖాళీ స్థలంలో ఆడుతుంటే చూసి, వైకుంఠమే జట్టులోకి తెచ్చాడు. కాలి మడమతో బంతిని ఆపడం దగ్గర్నుంచి అన్నీ తనే నేర్పాడు. ఆటగాడు తయారయ్యాడు కానీ ఖాళీ తయారు కాలేదు. రిజర్వు ఆటగాళ్లది రోజు కూలి. మొదటి పదకొండు మందిలో మూడు మ్యాచ్‌లు ఆడితేనే నౌకరీ పర్మనెంటు. శివయ్య ఐదేళ్లలో ఒక్కసారి కూడా "అన్నా, ఎప్పుడు తప్పుకుంటవ్" అని అడగలేదు. అడిగితే బాగుండేది. అడగకపోవడం వల్ల వైకుంఠానికి అన్నం సరిగా సయించేది కాదు.

అందుకని ఒక తెల్లకాగితం మీద, "నాకు నలభై నాలుగేళ్లు వచ్చినందున, మోకాలు సహకరించనందున, పిల్లలకు అవకాశం ఇవ్వదలచి జట్టు నుంచి తప్పుకొనుచున్నాను" అని రాసి సూపరింటెండెంట్ సత్యనారాయణకు ఇచ్చాడు. సత్యనారాయణ రెండుసార్లు చదివాడు.

"ఇట్లాంటి ఉత్తరం నా సర్వీసులో చూడలేదు" అన్నాడు. "తప్పుకొనుచున్నాను అంటే ఏ ఫైల్లో పెట్టాలె?"

"రాజీనామాల ఫైల్ల పెట్టుండ్రి సార్."

"ఆ ఫైలు లేదయ్యా. అవసరం పడలే."

ఫైలు లేని కాగితం గాలికి పోతుంది. ఈ కాగితం లాడ్ బజార్ దాకా పోయింది. అక్కడ గాజుల దుకాణం పైన బాబురావు గారి పార్టీ యువజన విభాగం ఆఫీసు ఉంది. దాని అధ్యక్షుడు సదాశివ. వయసు నలభై రెండు. పద్దెనిమిదేళ్లుగా యువజన నాయకుడు, పద్దెనిమిదేళ్లుగా బాబురావు గారి సీటు కోసం ఓపికగా ఎదురుచూస్తున్న మనిషి. మూడు నెలల్లో ఎన్నికలు. మర్నాడు పేపర్లో వైకుంఠం ఉత్తరం అచ్చయింది. దాని కింద సదాశివ ప్రకటన ఒకే వాక్యం: "వైకుంఠం తప్పుకున్నాడు, మిగతా పెద్దలు ఎప్పుడు?"

పేపరు వచ్చిన సాయంత్రమే బాబురావు గారు యాకుత్‌పురా గల్లీకి దయచేశారు. అంబాసిడర్ గల్లీలో పట్టలేదు. నడిచి వచ్చి, ఆయాసం తీరేదాకా నులక మంచం మీద కూర్చున్నారు. వెంట ఐదుగురు కార్యకర్తలు, ఫైలు పట్టుకొని సత్యనారాయణ. వైకుంఠం భార్య సుందరమ్మ మంచినీళ్లు ఇచ్చింది.

"నీ వయసెంత వైకుంఠం?"

"నలభై నాలుగు సార్."

"నాకు అరవై తొమ్మిది. నువ్వు ముసలోనివైతే నేనేమైన?"

ఐదుగురు కార్యకర్తలూ గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవసాగారు.

"మోకాలు నొస్తది సార్. ఉరకరాదు."

"నాకు రెండు మోకాళ్లు నొస్తయి. నేను ఉత్తరం రాసిన్నా?"

"మా శివయ్య మంచిగ ఆడుతడు సార్. ఐదేండ్ల సంది కూసున్నడు."

"కూసోనీ. సదాశివ పద్దెనిమిదేండ్ల సంది కూసున్నడు. ఏమన్న అయ్యిందా వానికి? రంగు గూడ తేలిండు." బాబురావు గారు సత్యనారాయణ వైపు తిరిగారు. "ఈయన వయసు మీద ఎందుకయ్యా ఇంత లొల్లి. రికార్డుల తప్పు పడ్డదేమో చూడు."

సత్యనారాయణ సర్వీసు రిజిస్టరు తెరిచాడు. "తప్పు పడి ఉండొచ్చు సార్. రూల్ ప్రకారం ఒక్క అంకె వరకు సవరించొచ్చు. ముప్పై నాలుగు, ఇరవై నాలుగు, పద్నాలుగు, ఈ మూడిట్ల ఏదన్న..."

"పద్నాలుగు బాగుండదు. బడికెందుకు పోతలేడని అడుగుతరు. ఇరవై నాలుగు చెయ్యి."

సుందరమ్మ కొంగు సరిచేసుకొని ముందుకు వచ్చింది. "మా బిడ్డ కళావతికి పదిహేనేండ్లు సార్. తండ్రికి ఇరవై నాలుగంటే..."

"బిడ్డ వయసు మా శాఖ పరిధిల లేదమ్మా" అన్నాడు సత్యనారాయణ. ఎర్ర సిరాతో దిద్ది, పక్కన సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊదాడు.

అందరూ వెళ్లాక వైకుంఠం మంచం మీద అట్లాగే కూర్చున్నాడు. యాభై ఐదుకు రిటైర్మెంట్. అంటే ఇంకా ముప్పై ఒక్క ఏళ్లు మీటర్లు చదవాలి. సుందరమ్మ గ్లాసులు ఏరుతూ అన్నది: "నాకు ముప్పై తొమ్మిది. నీకంటే పదిహేనేండ్లు పెద్దదాన్ని. ఇగ నుంచి నేను చెప్పినట్టు ఇను."

ఆ తరువాతి ఆదివారమే స్టేషన్ ముందర సభ, దండలు, దగ్గు.

సభ జరిగిన వారానికి వీధి దీపాల శాఖతో మళ్లీ మ్యాచ్ పడింది. వైకుంఠం తొంభై నిమిషాలూ ఆడాలని, తాను స్వయంగా చూస్తానని బాబురావు గారు సెలవిచ్చారు. గ్రౌండు పక్కన సోఫా వేశారు. అధ్యక్షుల వారు సంఘానికి పద్నాలుగేళ్లుగా సేవ చేస్తున్నారు కానీ, పని ఒత్తిడి వల్ల ఒక మ్యాచ్ పూర్తిగా చూడడం ఇదే మొదటిసారి.

విజిల్ వేశారు. ఐదో నిమిషంలో ఆ మీసాల్లేని వింగర్ బంతితో ఉరికొచ్చి, వైకుంఠానికి రెండు గజాల దూరంలో ఆగిపోయాడు.

"ఏంది, దాటిపో" అన్నాడు వైకుంఠం.

"నై చాచా. ఊపర్ సే ఆర్డర్ హై" అని వాడు సోఫా వైపు కళ్లతో చూపించాడు.

"మరి బాల్ ఏం జేస్తవ్?"

"ఆప్ లేలో" అని కుర్రవాడు బంతిని మెల్లగా ముందుకు తోసి, రెండు చేతులూ కట్టుకొని నిలబడ్డాడు. వాడి మొహంలో ఈసారి మర్యాద కూడా లేదు, జాలి ఉంది.

వైకుంఠం బంతిని చూశాడు. బెంచీ మీద నిమ్మకాయ ముక్కల పళ్లెం పట్టుకొని కూర్చున్న శివయ్యను చూశాడు. ఇరవై రెండేళ్ల ఆటలో రాని ఆలోచన ఒకటి వచ్చింది. తప్పుకుంటానంటే ఒప్పుకోరు. తరిమేసేటట్టు ఆడితే? వెనక్కి తిరిగి, ఉన్న బలమంతా పెట్టి, తన గోల్ లోకే తన్నాడు.

గోల్‌కీపర్ కదలను కూడా కదల్లేదు. "అన్నా, ఏం జేస్తున్నవ్?" అన్నాడు.

"రిటైర్ అయితున్న."

సోఫాలో బాబురావు గారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. గోల్ పడిందని ఆయనకు స్పష్టంగా కనిపించింది. ఏ గోల్ ఎవరిదన్న వివరం ఆయన ఎన్నడూ అడిగి ఉండలేదు, చెప్పే ధైర్యం పక్కవాళ్లకు లేదు. ఆయన కొట్టాక కార్యకర్తలు కొట్టారు. ఒకడు పటాకులు కూడా కాల్చాడు. వైకుంఠానికి పౌరుషం వచ్చింది. రెండో సగంలో ఇంకొకటి తన్నాడు. బాబురావు గారు తన కండువా తీసి గ్రౌండులోకి విసిరారు.

నీటి మీటర్ల శాఖ రెండు గోల్స్ తేడాతో ఓడిపోయింది. పేపర్లో "యువకెరటం వైకుంఠం రెండు గోల్స్" అని ఫొటోతో వచ్చింది. వయసు దగ్గర ఇరవై నాలుగు అని రాశారు.

మ్యాచ్ అయ్యాక బూట్లు విప్పుతుంటే శివయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు. "అన్నా, రెండో గోల్ మస్తు కొట్టినవ్" అన్నాడు. ఇద్దరూ కాసేపు నవ్వారు. నవ్వు ఆగాక శివయ్య నేల చూస్తూ అన్నాడు: "మా అమ్మ సెంట్రింగు పనికి పొమ్మంటున్నదన్నా. నా పెండ్లానికి గూడ ఏడో నెల. ఈ నెల చూసి పోత."

ఐదేళ్లలో అతను తన గురించి నోరు తెరిచి చెప్పిన మొదటి మాట అది.

మర్నాడు కుంటుకుంటూ లాడ్ బజార్ మెట్లెక్కాడు. "యువతకు దారి ఇవ్వండి" అన్న బ్యానర్ కింద సదాశివ అద్దం ముందు కూర్చుని జుట్టుకు రంగు వేయించుకుంటున్నాడు. కొంచెం రంగు చెవికి కూడా అంటింది.

"అన్నా, నువ్వు పేపర్ల వేసినట్టే నేను తప్పుకుంట. జర నా దిక్కు నిలబడు" అన్నాడు వైకుంఠం.

సదాశివ కంగారుపడ్డాడు. "ఎన్నికలయ్యేదాక ఆ మాట అనకు. నువ్వు గ్రౌండ్ల ఉంటేనే కద నేను తప్పుకో అనేది. నువ్వు నిజంగ తప్పుకుంటే నేనెవర్ని తప్పుకోమనాలె?"

"బాబురావు సార్‌ను అనుండ్రి."

"ఆయననెట్ల అంటమయ్యా" అన్నాడు సదాశివ నొచ్చుకుంటూ. "పెద్దమనిషి."

నెల తిరగక ముందే ఢిల్లీ నుంచి పార్టీ పరిశీలకుడు వచ్చాడు. గెస్ట్‌హౌస్‌లో ఇద్దరు నాయకులనూ కూర్చోబెట్టి రెండు పూటలు బిర్యానీ తినిపించాడు. మూడో పూటకు రాజీ కుదిరింది. టికెట్ బాబురావు గారికే. యువతకు సముచిత స్థానం కల్పించే ఉద్దేశంతో సదాశివను ఫుట్‌బాల్ సంఘం ఉపాధ్యక్షుణ్ని చేశారు. అయితే ఇన్నాళ్లుగా గోడల నిండా నినాదాలు రాశారు కాబట్టి, ఏదో ఒకటి జరిగినట్టు కనబడాలి. నీటి మీటర్ల జట్టులో ఇద్దరు లెఫ్ట్ బ్యాకుల్లో పెద్దవాడు తప్పుకొని చిన్నవాడికి దారి ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. విచారణకు ఏకసభ్య కమిటీగా సత్యనారాయణను నియమించారు.

ఈ వార్త విన్న రోజు వైకుంఠం నెలల తరబడి లేనిది రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. బూట్లకు పాలిష్ వేసి, లేసులు కొత్తవి కొని, చాంద్రాయణగుట్ట బస్సెక్కి శివయ్యకు ఇచ్చి వచ్చాడు. శివయ్య తల్లి ఆయన చేతులు పట్టుకుంది. సెంట్రింగు మేస్త్రీకి కబురు పంపి రావద్దని చెప్పారు.

ఆదివారం గ్రౌండులో షామియానా వేశారు. వైకుంఠం ఇస్త్రీ చొక్కా, ధోవతి కట్టుకొని, సుందరమ్మను, కళావతిని వెంటబెట్టుకొని వచ్చాడు. శివయ్య జెర్సీ వేసుకొని గ్రౌండు అంచున ఎగురుతూ ఒళ్లు వేడి చేసుకుంటున్నాడు. సత్యనారాయణ మైకు ముందుకు వచ్చి నివేదిక చదివాడు.

"సర్వీసు రిజిస్టర్లను క్షుణ్ణంగా పరిశీలించడమైనది. ఇద్దరిలో పెద్దవారైన శ్రీ శివయ్య గారు, వయసు ఇరవై ఐదు, ఐదేళ్ల సుదీర్ఘ సేవ అనంతరం, తనకంటే చిన్నవాడైన శ్రీ వైకుంఠానికి, వయసు ఇరవై నాలుగు, అవకాశం కల్పిస్తూ జట్టు నుంచి గౌరవంగా విరమించుచున్నారు."

శివయ్య ఎగరడం ఆపాడు. ఇద్దరు కార్యకర్తలు వచ్చి అతన్ని చేతులు పట్టుకొని వేదిక మెట్లు జాగ్రత్తగా ఎక్కించారు. బాబురావు గారు శాలువా కప్పి, పెద్దల త్యాగం గురించి మాట్లాడారు. సదాశివ కొబ్బరికాయ చేతిలో పెట్టి, యువతరం విజయం గురించి మాట్లాడాడు. ఇద్దరికీ సమానంగా చప్పట్లు పడ్డాయి.

వైకుంఠం జనాన్ని తోసుకొని సత్యనారాయణ దగ్గరికి పోయాడు. "ఇదేంది సార్. వాని నౌకరీ ఏం గావాలె?"

"ఫికర్ జెయ్యకు. రేపటి నుంచి పర్మనెంట్" అన్నాడు సత్యనారాయణ నెమ్మదిగా. "రిటైరైనోళ్లకు ఆఫీసుల కుర్చీ ఇయ్యొచ్చు. ఆడేటోళ్లకే రూల్స్ అడ్డం. నువ్వు పోయి బట్టలు మార్చుకో, మ్యాచ్ టైమైంది."

వైకుంఠం నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాడు. సుందరమ్మ ఆయన చొక్కా గుండీలు విప్పుతూ, "పో, జల్ది పో" అన్నది. ఆయన షామియానా వెనక ధోవతి విప్పి, ఎవరిదో జెర్సీ, బూట్లు తొడుక్కొని, మోకాలికి కట్టు బిగించి, కుంటుతూ ఎండలోకి దిగాడు.

వేదిక మీద ఒక విలేకరి నోట్‌బుక్ తెరిచి, శాలువాలో చెమటలు కక్కుతున్న శివయ్య ముందు వంగాడు.

"మీరు మొత్తం ఎన్ని మ్యాచ్‌లు ఆడిండ్రు సార్?"

"ఆడలే."

"ఒక్కటి గూడ?"

"లేదు."

విలేకరి పెన్ను ఆపి ఆలోచించాడు. తరువాత మొహం వికసించింది.

"పోనీ, ఒక్క మ్యాచన్న ఓడిపోయిండ్రా?"

"లేదు" అన్నాడు శివయ్య.

విలేకరి సంతోషంగా రాసుకున్నాడు.