ఏసుపాదాన్ని ఎవరు చంపారో ఊరు తేల్చింది

చనిపోయి పదకొండేళ్లయినా కానిస్టేబుల్ ఏసుపాదం ప్రతి సోమవారం పదిన్నరకల్లా చింతలగిరి విచారణ కమిషన్ ఆఫీసుకు వచ్చి, తననెవరు చంపారో వాంగ్మూలం ఇచ్చి వెళ్తుండేవాడు. చనిపోయినవాళ్లు సంతకం పెట్టే రిజిస్టర్ వేరే ఉంది. భోజన విరామం మాత్రం వాళ్లకు వర్తించదు.

అతను చెప్పేది చాలా చిన్న సంగతి. గడియారం సెంటర్ సభలో మంత్రి రంగనాయకులుగారిని ఒకడు కాల్చాడు. అరగంట తర్వాత బస్ డిపో వెనక వాడే ఎదురుపడితే ఏసుపాదం ఆపాడు. వాడు అతన్నీ కాల్చి పారిపోయాడు. కమిషన్ ఇది ఒప్పుకుంటే సర్వీసు రికార్డులో 'అనుమానాస్పద మృతి' కొట్టేసి 'విధి నిర్వహణలో మరణం' అని రాస్తారు. అతనికీ, భార్య దీనమ్మకూ కావలసింది ఆ ఒక్క ముక్కే.

రూలంటే రూలే మరి. ఏ కథకు ఎక్కువ సంతకాలొస్తే అదే జరిగినట్టు. కమిషన్ దగ్గర రెండు వందల పన్నెండు కథలున్నాయి. ఒకదాంట్లో మంత్రిని చంపింది ఏసుపాదమే. ఇంకోదాంట్లో ఏసుపాదమనే మనిషి అసలు పుట్టనేలేదు. దానికి అతని సొంతూరు మొత్తం సంతకాలు పెట్టింది. మరోదాంట్లో మంత్రిగారు గోవాలో హాయిగా ఉన్నారు. ఏసుపాదం కథకు వచ్చింది మాత్రం దీనమ్మ సంతకం ఒక్కటే. కళ్లారా చూసిన టీకొట్టు సాంబయ్య కూడా పెట్టలేదు.

"నీ కథలో పస లేదబ్బాయ్," అన్నాడు సాంబయ్య. "ఒకడు కాల్చాడు, నువ్వు పడ్డావు. టీ తాగినంతసేపు మాట్లాడుకోటానికన్నా ఏవుందందులో?"

కిందటి నెల అద్భుతం జరిగింది. అన్ని వర్గాలూ కలిసి ఒకే కథకు ఒప్పుకున్నాయి: మంత్రిని ఏసుపాదం చంపాడు, ఆ కోపంతో మంత్రి లేచొచ్చి ఏసుపాదాన్ని చంపాడు. మంచినీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టాలో ఇరవయ్యేళ్లుగా తేల్చుకోలేని ఊరు, రెండు రోజుల్లో లక్షా నలభై వేల సంతకాలు పెట్టింది. ఇలాంటి ఊళ్లో పుట్టినందుకు గర్వంగా ఉంది. బాణసంచా కాల్చారు, బ్యాండు మేళం పెట్టారు. ఎదురు పార్టీలవాళ్లు కావలించుకుని ఏడ్చారు. ఏసుపాదాన్నే భుజాలమీద ఎక్కించుకుని ఊరేగించారు. పెళ్లినాడు తప్ప అతని మెడలో ఎప్పుడూ దండ పడలేదు. పాపం, సంతోషంగానే కనిపించాడు.

డిపో దగ్గర, ఊరేగింపు పక్కనే నడుస్తున్న దీనమ్మకు కమిషన్ సూపరింటెండెంట్ సంతకాల పుస్తకంతో ఎదురొచ్చాడు.

"ఇంక మీ ఇద్దరివే బాకీ అమ్మా. పెడితే ఏకగ్రీవం."

దీనమ్మ జనం వంక చూసింది. పదకొండేళ్లలో మొదటిసారి భర్త మొహంలోకి అనుమానంగా చూసింది.

"ఇంతమంది ఊరికే అంటారా అయ్యా? నాతోనన్నా నిజం చెప్పు. నువ్వేవన్నా చేశావా?"

ఏసుపాదం భుజాలమీంచి కిందికి దిగాడు.

"నాకూ అదే అనుమానంగా ఉందే," అని పెన్ను అడిగి తీసుకున్నాడు.