మంచం కింద ద్రాక్షతోట

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. కాఫీ తాగడం, పెరట్లోని వెచ్చగదిలో థర్మామీటరు చూసుకోవడం, అంటుకొమ్మల పెట్టెల మీద కాసిని నీళ్లు చిలకరించడం, ఆ తర్వాత అత్తగారి కంటపడకుండా మొక్కల నర్సరీకి జారుకోవడం. చివరిది మాత్రం ఎన్నడూ నెరవేరేది కాదు. అత్తగారి ఇంట్లోనే కాపురముంటూ అత్తగారి కంటపడకుండా గేటు దాటడం ఎవరి తరం? ఆమె కూడా ఎక్కువేమీ మాట్లాడేవారు కాదు, ఒక్క ప్రశ్న అడిగేవారు.

"తీగ ఎలా ఉంది, అల్లుడుగారూ?"

"నిద్రపోతోంది, అత్తయ్యగారూ."

చలికాలంలో ద్రాక్షతీగ ఆకులు రాల్చి నిద్రపోతుందన్నది నిజమే. కానీ పెరటి చివర షెడ్డు వెనక మామగారు నాటిన ఆ తీగ నిద్ర లేచే స్థితి ఎప్పుడో దాటిపోయింది. వేళ్లను కొరికే పురుగు పట్టి, ఈ చలికాలం దాటదని తేలిపోయాక, అల్లుడే దాన్ని మొదలంటా కోసేశాడు. పచ్చిగా ఉన్న కొమ్మలన్నీ దాచి, మిగిలింది తగలబెట్టాడు. మోకాళ్ల నొప్పుల వల్ల అత్తగారు షెడ్డు దాకా నడవలేరు గనక సరిపోయింది. మామగారు పోయాక ఆమె తనతో నోరు విప్పేది ఆ తీగ కోసమే అని అల్లుడికి తెలుసు. అది పోయిందని చెప్పడానికి రోజూ నోరు తెరిచేవాడు, రోజూ "నిద్రపోతోంది" అనేవాడు.

అతని ఆశంతా ఆ కొమ్మల మీదే. వైన్ చేయడానికి నాన్న పెంచిన ద్రాక్ష తమకూ కావాలని బావమరదులిద్దరూ ఎప్పటినుంచో అడుగుతున్నారు. పెద్దాయన ఉండేది మంచు కురిసే కొండమీద. చిన్నాయన ఉండేది ఎండకు ఇసుక మాడిపోయే సముద్రం పక్కన. మామగారి తీగను దాని సొంత వేళ్లతో తీసుకెళ్లి పాతితే రెండుచోట్లా బతకదు. అందుకని అల్లుడు ఆ కొమ్మల్లో సగాన్ని మంచుకు జంకని అడుగు కొమ్మల మీద, తక్కిన సగాన్ని ఎండకు జడవని అడుగు కొమ్మల మీద అంటుకట్టాడు. ఆ రెండు రకాల వేళ్లకూ పురుగు బెడద కూడా ఉండదు. పైన కాసేది మామగారి ద్రాక్షే, కింద మన్నుతోనూ వాతావరణంతోనూ వేగేది వేరొకటి. ఇల్లరికం వచ్చినవాడికి ఈ ఏర్పాటు విడమరిచి చెప్పనక్కర్లేదు.

అతుకు చుట్టూ తెల్లటి కండ పట్టేదాకా, అంటే ఓ మూడు వారాలు, ఆ పెట్టెలు తడి రంపపుపొట్టులో, వేసవి ఉదయమంత వెచ్చదనంలో ఉండాలి. చలి తగిలితే కండ పట్టదు, వేడెక్కువైతే ఉడికిపోతాయి. ఇక ఆ తీగకు ఈ లోకంలో వేరే కొమ్మంటూ లేదు.

ఆ ఉదయం వెచ్చగది తలుపు తీస్తే ముఖానికి చల్లగాలి కొట్టింది. హీటరు కాలిపోయింది. మెకానిక్ వచ్చి, మూత విప్పి, పెదవి విరిచి, ఇందులో వేయాల్సిన సామాను ఇక్కడ దొరకదు, తెప్పించాలి, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను అని వెళ్లిపోయాడు. ఇంట్లో అంత వెచ్చగా ఉండే గది ఇంకొక్కటే ఉంది. అది అత్తగారిది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు అతను పెట్టెలన్నీ మోసుకొచ్చి మంచం కిందికి తోసి, దుప్పటి అంచు నేలదాకా లాగి, ఊపిరి పీల్చుకున్నాడు.

పీల్చుకున్న ఊపిరి వదిలేలోపే భార్య వచ్చి ఆ గదిలోని హీటరు ఆపేసింది. ఆమె బడిలో హెడ్మిస్ట్రెస్సు. ఇంటినీ బడిలాగే నడిపేది. రాత్రిపూట తప్ప హీటరు వేయకూడదన్నది ఆ ఇంటి నియమం.

"ఈ ఒక్కరోజు ఉండనివ్వు," అన్నాడు అల్లుడు. "అత్తయ్యగారికి వణుకుగా ఉందట."

సరిగ్గా అప్పుడే అత్తగారు వేడినీళ్ల స్నానం ముగించుకుని, బుగ్గలు ఎర్రగా కందిపోయి, కులాసాగా గదిలోకి వచ్చారు. ఆమె కూతుర్ని చూశారు, అల్లుణ్ణి చూశారు, ఓసారి నేలకేసి చూశారు. ఏమనుకున్నారో ఏమో, మంచమెక్కి దుప్పటి కప్పుకుని గడగడ వణకడం మొదలుపెట్టారు.

ఆడిన అబద్ధం అంత చప్పున నిజం కావడం అల్లుడు ఎప్పుడూ చూడలేదు. తన నోటి చలవే అని లెంపలు వేసుకున్నాడు. ఆ రోజు నుంచి రోజుకు నాలుగైదుసార్లు ఆ గదికి వెళ్లేవాడు. థర్మామీటరు చూసేవాడు, గాలి పొడిగా ఉంటే గొంతుకు మంచిది కాదంటూ సీసాతో నీళ్లు చిమ్మేవాడు, చెప్పులు వెతికే నెపంతో మంచం కింద చెయ్యి పెట్టి రంపపుపొట్టు తడిమేవాడు. మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడేవాడు కాస్తా, ఖాళీగా నిలబడడం బాగుండక కుర్చీ లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడక తప్పదు కదా! అలా వాళ్లు మామగారి గురించి, నర్సరీ గురించి, హెడ్మిస్ట్రెస్సు చిన్ననాటి అల్లరి గురించి కూడా మాట్లాడుకున్నారు. లేవబోయే ముందు మాత్రం ఆమె తీగ సంగతి అడిగేవారు, అతను నిద్రపోతోందనేవాడు.

ఇదంతా చూసిన భార్యకు మనసు కరిగింది, దాంతోపాటు అనుమానమూ పుట్టింది. ఏళ్ల తరబడి ఆ గదిలో అడుగుపెట్టని మనిషి పూటపూటకీ థర్మామీటరు పట్టుకు తిరుగుతున్నాడంటే, తన దగ్గర ఏదో పెద్ద జబ్బే దాస్తున్నాడు. ఆమె భర్తను నిలదీయలేదు, అన్నదమ్ములిద్దరికీ ఫోన్ చేసి ఏడ్చింది.

ఇద్దరూ ఆగమేఘాల మీద వచ్చి వాలారు. కొండమీది పెద్దాయన గదిలో కాలుపెట్టగానే చెమటతో తడిసిపోయి, "అమ్మకి ఊపిరెలా ఆడుతుందిరా!" అంటూ కిటికీ బార్లా తెరిచాడు. సముద్రం పక్కనుంచి వచ్చిన చిన్నాయన పళ్లు టకటకలాడించుకుంటూ హీటరును ఆఖరి మెట్టుకు తిప్పాడు. వాళ్లు కాఫీకి లేస్తే అల్లుడు కిటికీ మూసి, హీటరు తగ్గించేవాడు. తిరిగొచ్చి ఒకరు తెరిచేవారు, ఒకరు పెంచేవారు. ఎవరి తోటకు పోవాల్సిన కొమ్మలను వాళ్లే పూటకోసారి గడ్డకట్టించి, పూటకోసారి ఉడకబెడుతున్నారని పాపం వాళ్లకేం తెలుసు? అల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. కక్కలేక మింగలేక అలాగే తిరిగాడు.

చివరికి పెద్దాయన డాక్టరును తీసుకొచ్చాడు. డాక్టరు లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చి, ఈ గదిలో ఇంత తడివాసన ఏమిటన్నాడు. ఈ వయసులో ఇలాంటి గాలి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, ఇప్పుడున్న వణుకు కూడా దానివల్లే కావచ్చు, తక్షణం వేరే గదికి మార్చండన్నాడు. దుప్పటిలోంచి అత్తగారు తాను కదలనంటే కదలనన్నారు. అయితే మంచంతో సహా మోద్దామని కొడుకులిద్దరూ చెరోవైపు వంగారు.

అల్లుడు బెంబేలెత్తాడు. పెట్టెలు బయటపడతాయని కాదు. ఇన్నాళ్లూ తన తడి రంపపుపొట్టు వాసన పీల్చడం వల్లే ఆమె జబ్బుపడ్డారని అప్పుడే తట్టింది. కొమ్మలు పోతే పోనీ అనుకున్నాడు. అనుకోవడానికి కష్టంగానే ఉంది, అయినా అనుకున్నాడు. బావమరదుల్ని తప్పించుకుని మంచం కిందికి దూరి, పెట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగాడు. జుట్టునిండా రంపపుపొట్టుతో నేలమీదే కూర్చుని, తీగకు పురుగు పట్టిన దగ్గర్నుంచి వణుకు కల్పించిన దాకా అన్నీ చెప్పేశాడు.

"తప్పంతా నాదే, అత్తయ్యగారూ. తీగ నిద్రపోవడం లేదు. పోయింది. నేనే కోసేశాను."

అత్తగారు దుప్పటి పక్కకు నెట్టి లేచి కూర్చున్నారు. వణుకు ఎటు పోయిందో పోయింది.

"ముందు ఆ కిటికీ మూయండి," అన్నారు. "కొమ్మలకి చలి తగులుతోంది."

పెద్దాయన మూశాడు.

"మొదటిరోజే తెలిసింది," అన్నారామె అల్లుడితో. "నేలంతా పొట్టు రాల్చారు. మీరు అటు వెళ్లగానే ఓ కొమ్మ తీసి చూశాను. ఆ తీగని ఏటేటా కత్తిరించింది నేనే, మీ మామగారు నిచ్చెన పట్టుకునేవారంతే. దాని కణుపు నేను గుర్తుపట్టనా? ఇన్ని కొమ్మలు కోశారంటే అక్కడ తీగ మిగల్లేదనే కదా."

"మరి ఆ వణుకు?" అంది కూతురు.

"ఒంట్లో బాగాలేదంటే తప్ప పగలు హీటరు వేయనిస్తావుటే నువ్వు?"

ఇంటిని బడిలా నడిపే మనిషి తల దించుకుంది. అత్తగారు మళ్లీ అల్లుడివైపు తిరిగారు. "ఎప్పటికైనా మీరే చెబుతారని రోజూ అడిగాను. మీరేమో రోజూ నిద్రపుచ్చారు."

అల్లుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా తల వంచుకుని పొట్టులోంచి ఓ అంటుకొమ్మను పైకి తీశాడు. అతుకు చుట్టూ తెల్లటి కండ నిండుగా పట్టింది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. మంచువీ ఎండవీ అన్నీ అతుక్కున్నాయి. పెద్దాయన రాత్రంతా తెరిచిన కిటికీని చిన్నాయన హీటరు సరిచేసిందో, లేక తెల్లవార్లూ పెట్టెల మీద దుప్పటి కప్పుతూ కూర్చున్న అత్తగారు సరిచేశారో ఎవరూ తేల్చలేదు. డాక్టరు మాత్రం తానెందుకొచ్చినట్టో తెలియక కాసేపు నిలబడి, తన పెరటికి కూడా ఓ మొక్క అడిగి వెళ్లిపోయాడు.

రెండురోజుల్లో సామాను వచ్చింది, మెకానిక్ వెచ్చగదిని బాగుచేశాడు, అల్లుడు పెట్టెల్ని అక్కడికి మార్చాడు, బావమరదులు ఎవరి చలికి వాళ్లు, ఎవరి ఎండకు వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు ఉదయం కూతురు హీటరు ఆపడానికి వెళ్లేసరికి అత్తగారు మళ్లీ గడగడ వణుకుతున్నారు, పక్కనే కుర్చీలో అల్లుడు థర్మామీటరు చూస్తున్నాడు, మంచం కింద మాత్రం చెప్పులు తప్ప ఏమీ లేవు.