కారే కప్పుకు చరిత్ర హోదా

మీ ఇంటి కప్పు కారుతోందా? అదృష్టవంతులు! వెంటనే దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటింపజేయండి. ఇక బాగుచేయించే పీడే ఉండదు. బాగుచేస్తేనే కేసు!

నగరం నడిబొడ్డున ఉన్న పాత చర్చికి నిరుడే ఈ భాగ్యం పట్టింది. అంతవరకూ నూట అరవై ఏళ్లుగా దానికి చరిత్ర లేదు పాపం, జనం మాత్రమే ఉన్నారు. వాళ్లదో మొరటు పద్ధతి. ఏ కుటుంబం ఏ బెంచీ మీద కూర్చుంటే, దాని నెత్తిమీది పెంకులు ఆ కుటుంబమే సర్దుకోవాలి. ప్రసంగం మధ్యలో ఎక్కడైనా చుక్క పడిందా, చర్చి చర్చంతా తల తిప్పి ఆ ఇంటాయన వంకే చూసేది. అంత సిగ్గుతో నిలబడిన భవనం అది!

పురాతన కట్టడాల శాఖవారు వచ్చి ఈ అనాగరికాన్ని ఆపారు. పెంకు ముట్టరాదని బోర్డు పెట్టారు. పగిలిన పెంకూ చరిత్రేనట. మరి పగుళ్లలోంచి పడే వాన? అదీ వారసత్వమే కాబోలు!

నాలుగో బెంచీ ముసలి మేస్త్రిది. పెంకులు జారి, పైదూలం నానుతోంది. ఈ వానాకాలం దాటదని ఆయనకు చూడగానే తెలిసిపోయింది. అర్జీ పెడితే, అదే వయసున్న పెంకులు తెస్తే పరిశీలిస్తామన్నారు.

“నూట అరవై ఏళ్ల పెంకులు ఎక్కడ్నుంచి తేవాలే?” అన్నాడు, బెంచీ మీద తడుస్తూ.

“నువ్వే ఎక్కి పడుకో, సరిపోతావు,” అంది భార్య గొడుగు విప్పుతూ. అంతలోనే గొంతు తగ్గించింది. “మా అమ్మ పెళ్లీ, మన పెళ్లీ ఈ దూలం కిందే అయ్యాయయ్యా. ఇది కూలిందో, నా చేతి ముద్ద నీకు లేదు.”

ఇంకేం చేస్తాడు? కాపలా ఉన్న శాఖవారు భోజనాలకు వెళ్లిన వేళ చూసి పైకెక్కాడు. కొత్త పెంకులు పేర్చి, అనుమానం రాకుండా నాచు కూడా పులిమాడు.

నెల తిరక్కుండా పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. చర్చంతా జల్లెడ. నాలుగో బెంచీ మీద మాత్రం చుక్క లేదు! ఆయన మెడ రిక్కించి మురిసిపోయాడు.

“చూశారా, ఆనాటి పనితనం! ఇప్పుడు ఇలా వేసే మొనగాడు ఉన్నాడా?”

మేస్త్రి నోరు తెరిచాడు. భార్య కాలు తొక్కింది.

ఫొటోలు తీసుకుని కారు కదిలిందో లేదో, మిగతా బెంచీల వాళ్లంతా మేస్త్రి చుట్టూ మూగారు. అయిదో బెంచీ ఆవిడ కొంగు పిండుకుంటూ అంది:

“బాబాయ్, మా నెత్తిమీద కూడా కాస్త ఆనాటి పనితనం వేసిపెట్టవూ?”