పేరు ఒకచోట, దారి ఇంకోచోట

బల్లలూ కుర్చీలూ చేసే వర్క్‌షాపు యజమానికి ఆ పొద్దున ఉన్న పని ఒక్కటే, మెయిల్ ముందు కూర్చోవడం. ఒక పెద్ద స్కూలువాళ్ళు తరగతులన్నిటికీ బెంచీలు చేయిస్తామని, సాయంత్రంలోగా ఆర్డరు మెయిల్లో పంపుతామని చెప్పారు. అది వస్తే వడ్రంగులకు ఏడాదంతా చేతినిండా పని. రాకపోతే కొందరిని మానిపించక తప్పదు. ఆ మాట వాళ్ళతో ఎలా అనాలో తెలియక ఆయన రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

యజమాని మంచివాడే. కాకపోతే తన నీడ వెంట వస్తుంటే, ఎందుకొస్తోందని వెనక్కి తిరిగి చూసే రకం. ఊరికే కూర్చోలేక, వెబ్‌సైటు పేరు కొన్న కంపెనీలో తన ఖాతా తెరిచాడు. అక్కడ, సైటుకు దారి చెప్పే 'నేమ్‌సర్వర్లు' అన్నచోట ఎన్నడూ వినని వేరే కంపెనీ పేరుంది. ఈ వ్యవహారాలన్నీ చూసేది బావమరిది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, తాను పట్టేశాననుకున్నాడు.

పక్కనే 'మా నేమ్‌సర్వర్లకే మారండి' అన్న బటనుంది. నొక్కాడు. దొంగ మళ్ళీ దూరకుండా పాస్‌వర్డు కూడా మార్చి, ఖాతాలోంచి బయటికొచ్చి, తృప్తిగా టీ తాగాడు.

తిరిగొచ్చి చూస్తే వెబ్‌సైటు లేదు. 'ఇక్కడ త్వరలో సైటు వస్తుంది' అని తెల్ల పేజీ ఉంది.

"ఏమేవ్! మీ తమ్ముడు మన సైటు మాయం చేశాడు!"

వర్క్‌షాపు వెనకే ఉన్న ఇంట్లోంచి భార్య వచ్చి తన ఫోనులో చూసింది. "బానే ఉందిగా! ఇవిగో బల్లలు, ఇవిగో కుర్చీలు."

నిజమే, ఉన్నాయి. మార్పు అందరికీ ఒకేసారి చేరదని, ఆమె ఫోను ఇంకా పాత దారినే గుర్తుపెట్టుకుందని ఆయనకు తెలియదు. తనొక్కడికే కనబడకుండా అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కున్నారని తేల్చుకున్నాడు. మేస్త్రీని పిలిచి చూడమంటే అతని ఫోనులోనూ తెల్ల పేజీయే. గుమాస్తా ఫోనులో మాత్రం సైటు నిక్షేపంలా ఉంది. అంటే మేస్త్రీ మనవాడు, గుమాస్తా వాళ్ళ మనిషి. కాసేపటికి భార్య ఫోనులోనూ సైటు పోయింది.

"సాక్ష్యం కూడా చెరిపేశావన్నమాట!"

"నేను వంకాయలు తరుగుతున్నానండీ," అంది భార్య.

మధ్యాహ్నం దాటినా ఒక్క మెయిలూ రాలేదు. రోజూ విసిగించే ప్రకటనలు కూడా లేవు. అప్పుడు గుర్తొచ్చింది పొద్దున నొక్కిన బటను. పాతదే మళ్ళీ పెడదామని ఖాతాలోకి వెళ్ళబోతే, 'మీ వర్క్‌షాపు మెయిల్‌కు కోడ్ పంపాం' అంది. ఆ కోడూ రాలేదు. ఇక చేసేదేమీ లేక బావమరిదినే పిలిపించాడు.

"పేరు కొన్నది ఒకచోట, దారి చెప్పేది ఇంకోచోట బావగారూ. వాళ్ళు త్వరగా చెప్తారని పెట్టాను. సైటు ఇటు, మెయిలు అటు అని గేటు దగ్గర చెప్పే మనిషిని మీరు పీకేశారు. కొత్తవాడికి మన మెయిలెక్కడో తెలీదు."

"మరి నా కోడ్?"

"అదీ గేటు బయటే తిరుగుతోంది. స్కూలువాళ్ళ మెయిలు కూడా."

తన చేత్తోనే వడ్రంగుల నోటికాడి కూడు తీసేశానని ఆయనకు కళ్ళు చెమర్చాయి. పేరు కొన్న కంపెనీకి ఫోన్ చేశాడు.

"యజమాని మీరేనని నమ్మకమేంటి సార్?" అంది అవతలి అమ్మాయి. జీవితంలో మొదటిసారి ఎవరో ఆయన్నే అనుమానించారు. "ఖాతా తెరిచినప్పుడు మీరొక ప్రశ్న పెట్టుకున్నారు. మూడుసార్లు తప్పు చెప్తే ఖాతాకు తాళం పడుతుంది. ఆ ప్రశ్న ఇదీ: మీరు పూర్తిగా నమ్మే మనిషి ఎవరు?"

ఆయన బావమరిది వైపు చూశాడు.

"నన్ను గదిలోంచి వెళ్ళగొట్టి రాశారు బావగారూ. నాకేం తెలుసు?"

ఎదురుగా భార్య నిలబడి ఉంది. "నా భార్య," అన్నాడు గట్టిగా.

"కాదు సార్."

"నా... నా బావమరిది."

"కాదు సార్. ఇంకొక్కసారే."

ఆయన తల దించుకుని, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"ఎవరూ లేరు."

"కరెక్ట్ సార్! ఇక నమ్మకం కుదిరింది."

బావమరిది పాత నేమ్‌సర్వర్లు తిరిగి పెట్టాడు. చీకటిపడే వేళకు మెయిళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి, వాటి మధ్య స్కూలు ఆర్డరూ ఉంది. యజమాని వడ్రంగులందరినీ పేరుపేరునా పిలిచి చెప్పాడు, బావమరిదిని అందరి ముందూ కౌగిలించుకున్నాడు.

మొదటి జవాబు ఎందుకు తప్పైందని భార్య మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది.